వెయ్యి ఎనభై గీతలు

సిరిసిల్లలో ఎర్రయ్య పనిచేసే మరమగ్గాల షెడ్డులో ఆయన కంటికి ఒక పేరుండేది. బట్ట తాను మీద ఎక్కడైనా ఒక్క పోగు తెగి ఉంటే పది అడుగుల దూరం నుంచే పట్టుకునేవాడు. నేత ఆయనకు కులవృత్తి కాదు. తండ్రి తంగళ్ళపల్లిలో ఒక ఆసామి దగ్గర జీతగాడిగా ఉన్నాడు, తాత కూడా అంతే. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టి, మానేరు వంతెన దాటి వచ్చి, పదిహేడో ఏట మగ్గం పట్టినవాడు. ఆ మగ్గం చప్పుడులో ఇరవై ఆరేళ్లు గడిచాక ఎడమ చెవి కొంత మందగించింది గాని చూపు మాత్రం చెక్కు చెదరలేదు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అద్దం ఉండేది. ఇత్తడి చట్రంలో మూడు మడతలుగా ముడుచుకునే చిన్న భూతద్దం అది. కింద సరిగ్గా ఒక అంగుళం చదరపు కిటికీ ఉంటుంది. దాన్ని బట్ట మీద ఆనించి, సూది మొనతో పోగులను ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. అంగుళానికి ఎన్ని పోగులో తేలితే ఆ బట్ట తరగతి తేలుతుంది. తక్కినవారు పక్క షెడ్డువాడి మాట నమ్ముతారు, సేటు మాట నమ్ముతారు. ఎర్రయ్య అద్దాన్నే నమ్ముతాడు.

2011 ఆగస్టులో ఆయన ఆ అద్దం జేబులో పెట్టుకుని టీవీ కొనడానికి జగిత్యాల బస్సెక్కాడు.

ఇంట్లో టీవీ లేక కాదు. పద్నాలుగు అంగుళాల పాత డబ్బా టీవీ ఒకటి బాగానే పనిచేస్తోంది. అయితే అందులో ఒక ముఖం సరిగ్గా కనబడటం లేదు.

ఆ ముఖం ఆయన కొడుకుది కావచ్చు. కాకపోనూ వచ్చు.

దేవేందర్ హైదరాబాదులో పీజీ చదువుతుండేవాడు. 2010 దసరాకు ఇంటికి వచ్చి, మూడు రోజులుండి, నాలుగో రోజు తండ్రితో గొడవపడి వెళ్లాడు. గొడవ పెద్దదేమీ కాదు. మొదటి ఏడాది పరీక్షల్లో రెండు పోయాయని, నెలలో సగం రోజులు ఊరేగింపుల్లోనే గడుపుతున్నాడని ఎర్రయ్యకు తెలిసింది.

"తెలంగాణ అస్తెనే నౌకర్లు అస్తయి బాపూ. గది రాకపోతె గీ సదువు ఏం జేసుకోను?" అన్నాడు కొడుకు.

"ఒక సంకల రెండు గుమ్మడికాయలు వట్టయి బిడ్డా. సదువన్న వట్టు, జెండన్న వట్టు" అన్నాడు తండ్రి. అంతటితో ఆగలేదు. బ్యాగు భుజాన వేసుకుని గడప దాటుతున్నవాడితో, "జెండ వట్టుకొని మల్ల గీ గడప ఎక్కకు. సర్టిఫికెట్ వట్టుకొని రా" అన్నాడు.

ఫోన్లు జనవరి దాకా వచ్చాయి, అవీ తల్లికే. ఫిబ్రవరిలో ఫోను స్విచ్చాఫ్ అయింది. హాస్టలు గదిలోని స్నేహితులు, సామాను వదిలేసి పది రోజుల కిందటే ఎటో పోయాడన్నారు. ఎర్రయ్య రెండుసార్లు హైదరాబాదు వెళ్లాడు. ఠాణాలో కాగితం రాసిచ్చాడు. ఆసుపత్రుల్లో పేర్ల పుస్తకాలు తిరగేయించాడు. ఎక్కడా ఆ పేరు లేదు.

ఏప్రిల్‌లో కోరుట్ల నుంచి కూతురు వనిత ఫోన్ చేసింది. ఆమె భర్త దేవదాస్ మస్కట్‌లో పనిచేస్తాడు. అంతకుముందు ఏడాది వస్తూ కంబళిలో చుట్టి ఒక పల్చటి పెద్ద టీవీ తెచ్చాడు. ఆ టీవీలో మార్చి పదిన ట్యాంక్ బండ్ మీద జరిగిన మార్చ్ దృశ్యాలు వేస్తుండగా వనితకు ఒక పిల్లవాడు కనిపించాడు. గళ్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. ఇద్దరు మనుషులు అతడిని చంకల కింద చేతులేసి ఎత్తుకుని పోతున్నారు. తల ఒకసారి కెమెరా వైపు తిరిగి వాలిపోయింది. మొత్తం రెండు సెకన్లు.

"బాపూ, మన తమ్ముడే. ఎడమ కనుబొమ్మ మీద కోత సుత కనిపించింది" అని ఏడ్చింది వనిత.

ఆ కోత ఎట్లా పడిందో ఎర్రయ్యకు బాగా తెలుసు. దేవేందర్‌కు తొమ్మిదేళ్లప్పుడు తండ్రికి సద్ది తెచ్చి షెడ్డులో నిలబడ్డాడు. పేక నూలును అటూ ఇటూ మోసే నాడె ఒక్కసారి మగ్గం మీది నుంచి ఎగిరి వచ్చి వాడి నుదుటికి తగిలింది. గాయం మానింది గాని ఎడమ కనుబొమ్మలో బయటి కొసకు దగ్గరగా ఒకచోట వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. ఎర్రయ్య అప్పట్లోనే తన అద్దం ఆనించి చూశాడు. అంగుళంలో ఆరో వంతు, అంటే నాలుగు మిల్లీమీటర్లు.

ఆ నాలుగు మిల్లీమీటర్లు కనబడితే ఆ పిల్లవాడు దేవేందర్. కనబడకపోతే ఎవరో.

టీవీ చానెల్ వాళ్లు ఆ దృశ్యాన్ని దాచుకుని, ఉద్యమం గురించి ఎప్పుడు చర్చ పెట్టినా వెనకాల వేస్తుండేవారు. తంగళ్ళపల్లి ఇంట్లోని పాత టీవీలో ఎర్రయ్య భార్య పోచవ్వ దాన్ని జూన్‌లో మొదటిసారి చూసింది. ముఖం బొటనవేలి గోరంత. అయినా ఆమె చేతిలోని బీడీ ఆకుల చాట జారిపోయింది. తల్లికి గోరంత చాలు. ఎర్రయ్యకు చాలలేదు. కోరుట్ల వెళ్లి కూతురి ఇంట్లో రెండు రోజులు టీవీ ముందే కూర్చున్నాడు గాని ఆ రెండు రోజుల్లో దృశ్యం ఒక్కసారీ రాలేదు. షెడ్డు మానుకుని అక్కడే ఉండిపోలేడు. అప్పుడే నిర్ణయించుకున్నాడు, అటువంటి టీవీ తన ఇంట్లోనే ఉండాలని.

జగిత్యాల దుకాణంలో మొగిలి పనిచేస్తాడు. దేవదాస్‌కు పిన్ని కొడుకు, ఎలక్ట్రానిక్స్‌లో ఐటీఐ చేసినవాడు, ఎర్రయ్యను మామా అంటాడు. గోడ నిండా టీవీలు వెలుగుతున్నాయి. అన్నింటిలోనూ ఒకే బొమ్మ. నీలి నీళ్లలో రంగురంగుల చేపలు, వాటి పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటంత స్పష్టంగా కదులుతున్నాయి. ఎర్రయ్య చాలాసేపు వాటినే చూశాడు.

"గీ రెండిట్ల ఫరక్ ఏంది?" అని అడిగాడు, పక్కపక్కనే ఉన్న రెండు ముప్పై రెండు అంగుళాల టీవీలు చూపించి.

"గిది హెచ్‌డీ రెడీ మామా. ఏడు వందల అరవై ఎనిమిది గీతలు. గది ఫుల్ హెచ్‌డీ. వెయ్యి ఎనభై గీతలు."

ఎర్రయ్య జేబులోంచి అద్దం తీసి మడతలు విప్పి తెర మీద ఆనించాడు. దుకాణంలో ఉన్నవాళ్లు ఇటు తిరిగారు.

"ఓ పెద్దమనిషీ, గది టీవీ, ధోతి గాదు" అని నవ్వాడొకడు.

"కొలిసి కట్టిచ్చుకపోతడట, రెండు మీటర్లు చింపియ్యి మొగిలీ" అన్నాడు ఇంకొకడు.

ఎర్రయ్య తల తిప్పలేదు. అద్దంలో నీలి నీళ్లు మాయమై ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతల వరసలు కనిపించాయి. మూడు గీతలు కలిస్తే ఒక చుక్క. పెదవులు కదుపుతూ ఒక కొస నుంచి ఇంకో కొసకు లెక్కపెట్టాడు. రెండో టీవీ దగ్గరికి వెళ్లి మళ్లీ లెక్కపెట్టాడు.

"అంగుళానికి దీంట్ల నలభై తొమ్మిది, దాంట్ల అరవై తొమ్మిది" అన్నాడు.

మొగిలి క్యాలిక్యులేటర్ తీసి తెర వెడల్పుతో చుక్కలను భాగించాడు. నలభై ఎనిమిది పాయింట్ తొమ్మిది, అరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది వచ్చాయి. నవ్వినవాళ్లు ఊరుకున్నారు.

"గా అరవై తొమ్మిదిది కట్టు" అన్నాడు ఎర్రయ్య.

మొగిలి సేటు కూర్చున్న వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మామా, ఒక్క మాట. గీ చేపల బొమ్మ పెన్‌డ్రైవ్‌ల కెల్లి అస్తుంది. మీ ఇంట్ల కేబుల్ వైరు గద. గా వైరుల గిన్ని గీతలు రావు. పెద్ద టీవీల బొమ్మ పెద్దగైతది గాని సాఫ్ గాదు."

"వైరుతోని నాకేం పని? మగ్గం మంచిదైతె బట్ట మంచిగనే దిగుతది."

"గట్ల గాదు మామా..."

"నేను లెక్కవెట్టి సూసిన గదరా" అన్నాడు ఎర్రయ్య. ఆ మాటకు మించిన రుజువు ఆయన జీవితంలో లేదు. తన చేత్తో లెక్కపెట్టినది ఎన్నడూ తప్పు కాలేదు. మొగిలి అట్టపెట్టె దించాడు.

అట్టపెట్టె సిరిసిల్ల దాకా బస్సులో ఎర్రయ్య ఒడిలో వచ్చింది, అక్కడి నుంచి ఆటోలో.

సాయంత్రం ఇరుగుపొరుగు చేరారు. పక్కింటి లింగవ్వ అందరికన్నా ముందు వచ్చి గడప దగ్గరే కూర్చుంది. తీగ తగిలించి టీవీ పెట్టగానే వార్తలు చదివే అమ్మాయి ముఖం తెర నిండా అడ్డంగా సాగి కనిపించింది. చుట్టూ మసక. అక్షరాల అంచులకు నీడలు.

"ఓ పోచక్కా, పట్నపోళ్లంత బలిసిండ్రు గదనే! సూడు, దీని మూతి పూరీ లెక్క ఉబ్బింది" అన్నది లింగవ్వ.

అందరూ నవ్వారు. ఎర్రయ్య రిమోట్ మీద ఒక్కో మీట నొక్కి చూశాడు. ఒకదానితో అమ్మాయి సన్నబడింది గాని తెరకు రెండు పక్కలా నల్లటి పట్టీలు పడ్డాయి. మసక అట్లాగే ఉంది. చేపలు ఎక్కడా లేవు.

పోచవ్వ నవ్వలేదు, ఫిర్యాదూ చేయలేదు. చాట ఒడిలో పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతూ, చూపు తెర మీదే నిలిపింది. ఆ పని చేయడానికి ఆమెకు కళ్ల అవసరం ఎన్నడో తీరిపోయింది.

తొమ్మిదో రోజు సాయంత్రం దృశ్యం వచ్చింది.

"అగో!" అన్నది పోచవ్వ.

ఎర్రయ్య అప్పటికే తెరకు మూరెడు దూరంలో ఉన్నాడు. జనం, గళ్ల చొక్కా, చంకల కింద చేతులు. తల ఇటు తిరిగింది. ఆయన చూడాలనుకున్నచోట కనుబొమ్మ లేదు. కొన్ని చతురస్రాలున్నాయి. వాటిలో మూడు నాలుగు తక్కినవాటికంటే ముదురు రంగులో ఉన్నాయి. అవి కనుబొమ్మ కావచ్చు, నీడ కావచ్చు, చెమటకు అతుక్కున్న వెంట్రుక కావచ్చు. అంతలో దృశ్యం పోయి ఎవరో పెద్దమనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"కోత ఉన్నది. సూసినవా?" అన్నది పోచవ్వ.

"నాకు కనవడలే."

"నీకు కనవడకపోతె లేనట్టేనా?"

పాత టీవీలో ముఖం చిన్నదైనా ముఖంలా ఉండేది. ఇందులో పెద్దదైంది, ముఖం కాకుండా పోయింది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, కొన్నాళ్లకు బస్సులూ ఆగిపోయాయి. బొగ్గు బావుల్లో పని నిలిచి కరెంటు కోతలు పెరిగాయి. మగ్గాలు సగం రోజు ఊరికే నిలబడేవి. ఉద్యమం వార్తలు ఇదివరకటి కంటే ఎక్కువగా వస్తున్న రోజులవి. ఆ దృశ్యాన్ని రోజుకు రెండుమూడుసార్లు వేస్తున్నారని కోరుట్ల నుంచి వనిత చెప్పేది. తంగళ్ళపల్లిలో మాత్రం అదే సమయానికి కరెంటు ఉండేది కాదు. పోచవ్వ నల్లటి తెర ముందు కూర్చుని బీడీలు చుట్టేది. కరెంటు వచ్చినప్పుడు ట్యూబ్‌లైటు వెలగని ఓల్టేజీలో కూడా కొత్త టీవీ వెలిగేది. దాని గుణాల్లో వారికి ఉపయోగపడింది అదొక్కటే.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం మొగిలి మోటారు సైకిల్ మీద జగిత్యాల నుంచి వచ్చాడు. దుకాణంలోని కంప్యూటరుకు టీవీ పట్టే కార్డు ఒకటి తగిలించి, వారం రోజులు కాపు కాసి, ఆ రెండు సెకన్లనూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. కరెంటు వచ్చేదాకా అరుగు మీద కూర్చుని, రాగానే టీవీకి పెట్టాడు.

"గిప్పుడు ఆపి సూడొచ్చు మామా."

తల ఇటు తిరిగినచోట ఆపాడు. పోచవ్వ దగ్గరికి జరిగింది. నిలిచిపోయిన ముఖం అంచులు దువ్వెన పళ్లలా చీలి ఉన్నాయి. ఒక గీత ఇటు, దాని కింది గీత కొంచెం అటు, మళ్లీ ఇటు.

"గిట్ల ఎందుకు చీలిందిరా?"

"బొమ్మ మొత్తం ఒకటేపారి రాదు మామా. ముందుగాల బేసి గీతలు అస్తయి, ఎనుకసిరి సరి గీతలు. సెకనుకు యాభై పార్లు. గా మద్యల తల కదిలింది. అందుకే గట్ల."

ఎర్రయ్య ఆ మాటను మనసులో రెండుసార్లు తిప్పుకున్నాడు. ఒక పేక ఒక క్షణానిది, పక్క పేక ఇంకో క్షణానిది. ఒకే ముఖం కూడా కాదన్నమాట అది. రెండు ముఖాలు కలిపి నేసినది.

"ముఖం ఎన్ని చుక్కలున్నదో లెక్కవెట్టినవా?" అని అడిగాడు.

మొగిలి తల వంచుకున్నాడు. "వెట్టిన. ఈ చెవు నుంచి ఆ చెవు దాంక ఇరవై నాలుగు."

మనిషి ముఖం వెడల్పు సుమారు నూట యాభై మిల్లీమీటర్లు. ఇరవై నాలుగు చుక్కలతో భాగిస్తే ఒక్కో చుక్కకు ఆరుంపావు మిల్లీమీటర్లు. కోత నాలుగు. ఒక్క చుక్కలో కూడా మూడింట రెండు వంతులకు మించదు. అంటే ఆ బొమ్మలో కోత ఉన్నా కనబడదు, లేకున్నా లేదని చెప్పడానికి వీల్లేదు. తెర మీద వెయ్యి ఎనభై గీతలుండనీ, రెండు వేలుండనీ, అందులోకి వచ్చింది ఇరవై నాలుగు చుక్కలే.

పలచటి బట్టను పెద్ద చట్రం మీద లాగి కడితే చిక్కబడదు, సందులు పెద్దవవుతాయి. ఈ సంగతి ఎర్రయ్యకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు. టీవీని మగ్గమనుకున్నాడు, అక్కడే తప్పింది. బట్ట ఎక్కడో నేసి వస్తుంది. ఇది పరిచి చూసే బల్ల మాత్రమే. తను జగిత్యాలలో అద్దం ఆనించి, పెదవులు కదుపుతూ, అంత జాగ్రత్తగా లెక్కపెట్టింది బల్లకున్న పగుళ్లను.

"నువ్వు ఆనాడే జెప్పినవు" అన్నాడు మొగిలితో.

"జర గట్టిగ జెప్పాలె ఉండె మామా."

"గట్టిగ జెప్పినా ఇనకపోదును."

పోచవ్వ వాళ్ల మాటలు వినడం లేదు. ఆగిన బొమ్మ మీద చేయి పెట్టి, చీలిన చెంపను పైనుంచి కిందికి నిమురుతోంది. ఆ ఆగిన బొమ్మను తీసేయాలంటే ఆమె చేయి తీయాలి. మొగిలి కరెంటు పోయేదాకా ఊరికే నిలబడ్డాడు.

"అసలు టేపు చానెల్ ఆఫీసుల ఉంటది మామా. వాళ్లు ముక్కనే వేస్తరు. దాంట్ల ఇంక ఎక్కువ ఉండచ్చు" అన్నాడు వెళ్తూ.

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక, నవంబరు రెండో వారంలో ఎర్రయ్య హైదరాబాదు వెళ్లాడు. చానెల్ ఆఫీసు గేటు దగ్గర రెండు పూటలు కూర్చున్నాడు. రెండో పూట బయటికి టీ తాగడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఆయన మాట యాస విని ఆగాడు. పేరు చిన్నయ్య, టేపుల గదిలో పని.

"ఏ ఊరే అన్నా? నేనూ మీ దిక్కోన్నే, మల్యాల" అన్నాడు. కథంతా విని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "దా. ఎవలన్న అడిగితే మా బావవని జెప్త."

టేపుల గదిలో చలిగా ఉంది. గోడ పొడవునా అరలు, అరల్లో అరచేయంత డబ్బాలు. చిన్నయ్య మార్చి నెల అరలో అరగంట వెతికి ఒకటి తీశాడు. బల్ల మీద ఉన్న టీవీ తొమ్మిది అంగుళాలది. పాత గాజు డబ్బా. ఎర్రయ్య దాని వైపు నమ్మకం లేకుండా చూశాడు.

టేపు తిరిగింది. చానెల్ వేసే రెండు సెకన్లకు ముందు ఇంకో పదకొండు సెకన్లున్నాయి. వాటిలో కెమెరా దగ్గరగా ఉంది. గళ్ల చొక్కా పిల్లవాడు కెమెరా పక్కనుంచే పోయాడు. ఒక క్షణంపాటు ముఖం చిన్న తెర నిండా నిలిచింది. పెదవి పగిలి ఉంది. గడ్డం మీద దుమ్ము. ఎడమ కనుబొమ్మ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎక్కడా తెగకుండా ఒత్తుగా ఉంది.

"మల్ల ఒకపారి" అన్నాడు ఎర్రయ్య.

చిన్నయ్య నాలుగుసార్లు వేశాడు. నాలుగోసారి కనుబొమ్మ దగ్గరే ఆపాడు. అద్దం తీయాల్సిన అవసరం రాలేదు. ఆ పిల్లవాడికి దేవేందర్ కన్నా ముక్కు కొంచెం పొడవు. చెవి తమ్మెకు చిన్న కుట్టు రంధ్రం ఉంది. దేవేందర్‌కు లేదు.

"మీ ఓడేనా?"

"గాదు."

"హమ్మయ్య" అన్నాడు చిన్నయ్య. "మంచిదే గదనే. సంతోషపడు."

ఒక్క ఊపిరి తీసేటంతసేపు ఎర్రయ్య నిజంగానే సంతోషపడ్డాడు. ఆ ఊపిరి వదిలేలోపు సంగతి మొత్తం అర్థమైంది. ఏడు నెలలుగా, కొడుకు ఎక్కడున్నాడని తమను తాము ప్రశ్నించుకుంటే చూపించుకోవడానికి ఒక చోటు ఉండేది. దెబ్బలు తిని ఉన్నా, తల వాలిపోయి ఉన్నా, ఆ రెండు సెకన్లలో వాడు ఉన్నాడు. ఇప్పుడు అక్కడ ఇంకెవరి కొడుకో ఉన్నాడు. వాడు అక్కడా లేడు.

తంగళ్ళపల్లి చేరేసరికి పొద్దెక్కింది. పోచవ్వ టీవీ ముందే ఉంది. ఆయన చెప్పులు విడవకముందే తల ఎత్తింది.

"మనోడు గాదు" అన్నాడు ఎర్రయ్య.

ఆమె చేతులు ఆగలేదు. ఆకు మడిచి, దారం చుట్టి, చాటలో వేసింది.

"నీ కండ్లు గుడ్డకు అలవాటైనయ్. మనిషికి గాదు" అన్నది.

"దగ్గరికెల్లి సూసిన పోచీ. నాలుగు పార్లు ఏసిండ్రు. కోత లేదు."

"మొలిసుంటయి ఎంటికెలు."

"పన్నెండేండ్లు మొలవనియి ఇప్పుడు మొలుస్తయా?"

ఆమె ఇంకో ఆకు అందుకుని, తల ఎత్తకుండానే అడిగింది. "గా పిలగాడు ఎవలైతె ఏంది. తర్వాత లేసిండా?"

లేచాడని చెప్పవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎర్రయ్య ఎన్నడూ చూడని తానును చూశానని రాసినవాడు కాదు.

"ఆడికే అయిపోయింది టేపు" అన్నాడు.

పోచవ్వ చాట పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, గోడవైపు తిరిగింది. ఇన్ని నెలల్లో ఆమె చప్పుడు చేసి ఏడవడం ఎర్రయ్య వినడం అదే మొదటిసారి. తన కొడుకు కోసం ఏడుస్తోందో, ఆ గళ్ల చొక్కా పిల్లవాడి కోసమో ఆయనకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

డిసెంబరు తర్వాత చానెల్ ఆ దృశ్యాన్ని వేయడం మానేసింది. వాళ్ల దగ్గర కొత్త ఊరేగింపులున్నాయి, కొత్త ముఖాలున్నాయి. పోచవ్వ వాటిని చూడటం మొదలుపెట్టింది. ధర్నా, రైల్ రోకో, బంద్, జనం ఎక్కడ గుమిగూడినా ఆ గుంపును ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికేది. పొగాకు సరిగ్గా నిండక కంపెనీ తిప్పి పంపే బీడీల కట్టలు పెరిగాయి. ఠాణాలో ఇచ్చిన కాగితం గురించి ఎర్రయ్య ఏడాదికి రెండుసార్లు వెళ్లి అడిగేవాడు. రెండుసార్లూ ఆచూకీ లేదన్న ఒకే జవాబు వచ్చేది. వనిత ఫోన్ చేసినప్పుడు ఇద్దరూ టీవీ మాట ఎత్తేవారు కాదు. తనకు కనిపించిందన్న కోత గురించి ఆమె మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు.

2014 జూన్ రెండున పొద్దున్నే వాడ జనమంతా ఎర్రయ్య ఇంటికి వచ్చారు. ఆ వాడలో అంత పెద్ద తెర ఇంకా వాళ్లదే. లింగవ్వ పసుపు బొట్టు పెట్టుకుని, గులాబి చీర కట్టుకుని వచ్చింది. వెనకింటి ముత్తవ్వ మనుమరాళ్లను వెంటేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఎవరో మిఠాయి పంచారు. బయట పటాకులు పేలుతున్నాయి. తెర మీద హైదరాబాదు వీధులు, జెండాలు, రంగులు, ఇసుక వేస్తే రాలనంత జనం.

"అచ్చింది తియ్యే మన తెలంగాణ!" అని చప్పట్లు కొట్టింది లింగవ్వ.

పోచవ్వ లేచింది. గదిలో ఎవరూ లేనట్టే నడిచి వెళ్లి, తెరకు జానెడు దూరంలో నిలబడింది. సగం తెర ఆమె వీపు వెనక మాయమైంది.

"ఓ అక్కా, జర పక్కకు జరుగు. నీ ఎనుక మేం సుత ఉన్నం" అని నవ్వింది ముత్తవ్వ.

పోచవ్వ జరగలేదు. వేలు తెర మీద పెట్టి, ఒక తల మీది నుంచి ఇంకో తల మీదికి జరుపుతోంది. నవ్వు ఒక్కొక్కరి ముఖంలోంచి దిగిపోయింది. మనుమరాలు ఏదో అనబోతే ముత్తవ్వ దాని నోరు మూసింది. కొంతసేపటికి ఒకరు లేచారు, తర్వాత ఇద్దరు. లింగవ్వ చివరగా లేచి, మిఠాయి పొట్లం కిటికీలో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

ఎర్రయ్య మంచం దిగి భార్య పక్కన నిలబడ్డాడు. అంత దగ్గర నుంచి జనం లేరు, చుక్కలే ఉన్నాయి. ఒక్కొక్క తలకు నాలుగో ఐదో.

"గీడ, గీ పచ్చ అంగి పక్కపొంటి. గిటు సూడు" అన్నది పోచవ్వ.

ఆమె వేలి కింద చూడటానికి ఆయన వంగాడు. అంతలో కెమెరా ఇంకో వీధికి మారింది.

"ఉన్నడా?"

"మల్ల అస్తది, ఉండు" అన్నాడు ఎర్రయ్య.